అంతర్వేది పీతకు పట్టిన అపవాదు

అంతర్వేది పల్లిపాలెములో వేకువనే తట్ట నింపుకొని, మలికిపురము మీదుగా రాజోలు వీధులకు వచ్చి, ఎండ ముదురకముందే సరకంతయు అమ్ముకొని పోవు మత్స్యకార స్త్రీలు, ఇప్పుడు మిట్టమధ్యాహ్నము దాటినను సగము తట్టతో, కరగిన మంచునీరు భుజము మీద కారుచుండగా, వాకిట వాకిట నిలుచుచున్నారు. దీనికి హేతువు తుఫాను కాదు, వేటనిషేధము కాదు; ఫోనునుండి ఫోనునకు పాకుచున్న ఒక కబురు. చమురుబావుల మందంతయు సముద్రపు టడుగున దిగిపోయినదట, ఇక పీత, రొయ్య, గుల్ల, చేప, ఏది తినినను కాలకూటమేనట. మా వీధిలో ఒక ఇల్లాలు పీతల తట్టలోనికి తొంగిచూచి, "ఇవి ఇక్కడివా, వైజాగువా? వైజాగువైతే ఇవ్వమ్మా" అని అడుగగా వినిన నాకు కలిగిన చిరాకే ఈ వ్యాసమునకు మూలము.

పరిశ్రమల విషములు కడలి యడుగున పేరుకొనిన తావు ఆంధ్రతీరమున ఏదియని అడిగినచో, ముందుగా వేలు చూపవలసినది అంతర్వేదివైపు కాదు, ఆ ఇల్లాలు కోరిన విశాఖవైపే. 1933లో తెరువబడిన అచ్చటి లోపలి రేవు కొండచాటున, ఇరుకైన కాలువగుండ మాత్రమే సముద్రముతో సంబంధము కలిగి, ఓడలకు తుఫానులనుండి ఎంత రక్షణ నిచ్చునో తనలో పడిన మలినమునకును అంత రక్షణయు ఇచ్చును. 1957లో చమురుశుద్ధి కర్మాగారము, పిమ్మట ఎరువుల కర్మాగారము, 1977లో జింకు కరగించు కొలిమి ఆ పరిసరములందు వెలసి, నగరపు మురుగు సయితము తోడుకాగా, ఆ పాయల అడుగున జింకు, సీసము, కాడ్మియము, రాగి దశాబ్దములపాటు పొరలుపొరలుగా పేరుకొన్నవని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాస్త్రజ్ఞులు మొదలుగా పలువురు శోధించి చూపియున్నారు. మాలిన్యము మిక్కుటమైన చోట్ల దానిని సహింపగల కొలదిజాతుల పురుగులే అధికముగా మిగిలినవి. జింకు కొలిమి 2012లో మూతపడినది. బురద మాత్రము అచ్చటనే యున్నది. అయినను విశాఖ అంగడికి వచ్చు చేప ఆ రేవు బురదలో పట్టినది కాదు, మరపడవలు దూరము పోయి తెచ్చినది. కావున దానిని నేను నిందింపను. ఊరి పేరు విని విషమును నిర్ణయించు తెలివినే నిందించుచున్నాను.

నీటిలో ఉప్పువలె విషమును సముద్రమంతటను సమముగా కలిసియుండుననెడి ఊహపై ఈ వదంతి నిలిచియున్నది. కాని లోహములకును నూనెలకును నీటికంటె సన్నని బంకమన్నుపై మక్కువ మెండు. గోదావరి మంచినీరు ఉప్పునీటిని తాకినచోట మట్టిరేణువులు ఒకదాని నొకటి పట్టుకొని, ముద్దకట్టి దిగును. అవి మోసికొని వచ్చినదియు అచ్చటనే దిగును. అందుచే మొగలలోను, మడ అడవుల బోదెలలోను, మురుగుకాలువల చివరలను ఉండు మెత్తని బురద విషమునకు గాదె. అలలు నిత్యము కడుగు ఇసుకమేట దాదాపు వట్టిది. ఆ బురదను మింగి బ్రతుకు పురుగు, ఆ పురుగును తిను రొయ్య, పీత, జెల్ల, ఆ నీటిని గంటకు లీటరులకొలది వడగట్టు గుల్ల, వీనికి విషము చేరు త్రోవ ఇది.

అయితే చేరుట వేరు, నిలుచుట వేరు. నూనెలోని బహువలయ హైడ్రోకార్బనులను చేప తన కాలేయములో త్వరితముగా విరిచి వెడలగొట్టును; గుల్లకు ఆ శక్తి మిక్కిలి తక్కువ గనుక దాచుకొనును. కాడ్మియము పీత జీర్ణగ్రంథిలో ఒక మాంసకృత్తుతో ముడివడి తిష్ఠవేయును గాని కాలికండలోనికి అంతగా రాదు. పాదరసము నడక మరియొకటి: గాలి సోకని బురదపొరలలో సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసముగా మార్చగా, అది కండలోనికే చేరి, చిన్నదానిని పెద్దది తినినకొలది మెట్టుమెట్టునకు హెచ్చును. కావున "అడుగున బ్రతుకునదే అన్నిటికంటె విషము" అనుట సగము సత్యమే. కాడ్మియము లెక్కలో పీత, గుల్ల ముందుండును గాని, పాదరసము లెక్కలో పైనీట తిరుగు పెద్ద సొరయు పెద్ద తూరయు వానిని మించును. ఏడాదియో రెండేండ్లో బ్రతుకు రొయ్యకు కూడబెట్టుకొను తీరికయే ఉండదు.

ఆ కబురులో మినమాటా పేరును కూడ ఇరికించినారు. జపానులోని ఆ ఊరిలో 1956లో బయటపడిన వ్యాధికి కారణము, ఒక రసాయన కర్మాగారము ఒక్క అఖాతములోనికి ఏండ్లతరబడి వదలిన పాదరసము. అచ్చటి బురదను తోడి పూడ్చు పని 1990 వరకు సాగినది. కోనసీమలో పాదరసమును అట్లు వాడు కర్మాగారము లేదు. ఉన్నవి వాయుబావులు, గొట్టములు. వాని విషయమున ఇచ్చటివారి భయము అకారణమని నేననను. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని 65 దినములు మండుటను కన్నులార చూచినవారు, 2014 జూన్ 27న నగరమను ఊరిలో గొట్టము పేలి తెల్లవారుజామున ఇండ్లకు ఇండ్లు కాలిపోవుట నెరిగినవారు, భయపడక ఏమి చేయుదురు? కాని మండెడి వాయువు వేరు, బురదలో దిగెడి లోహము వేరు. బావి త్రవ్వునప్పుడు బరువునకై కలుపునది ముగ్గురాయి. మన మంగంపేటలో కొండలుగా దొరకునదే. అది నీట కరుగదు. కడుపు ఎక్స్‌రే తీయుటకు వైద్యులు రోగిచేత త్రాగించు తెల్లని ద్రవములోనిదియు ఆ బేరియము సల్ఫేటే. చూడవలసినది అందులో కలిసియుండు మలినములను. అమెరికాలో సముద్రపు బావులకు వాడు ముగ్గురాయిలో కిలోకు పాదరసము 1 మిల్లీగ్రామును, కాడ్మియము 3 మిల్లీగ్రాములను మించరాదని నియమము. బావి చుట్టును కొన్ని వందల మీటరులు, నూనె కలిపిన బురదను వాడిన ఉత్తరసముద్రములో కొన్ని కిలోమీటరులు, అడుగుజీవులు దెబ్బతినుట నిజము. అంతమాత్రమున సముద్రమంతయు విషమైన దాఖలా లేదు. బావులను తిట్టువారు, వరిచేల పురుగుమందును, చెరువుల మురుగును, ఊళ్ళ కుళ్ళును శంకరగుప్తము వంటి డ్రెయినులు దినదినము మోసికొని పోవుచుండుటను చూడకుండుట నాకు వింతగా తోచును. బహుశః సొంత మురుగు వాసన వేయదు కాబోలు.

వాసన మాట వచ్చినది గనుక నల్లబురద సంగతి. మడ అడవిలో కాలు దిగిన చోట నల్లగా, కుళ్ళిన కోడిగ్రుడ్డు కంపుతో పైకివచ్చు బురదను ఫోటో తీసి "ఇదిగో చమురు" అని పంపినవాడు మడ అడవిని ఎరుగడు. ఆ నలుపు ఇనుప గంధకము. ఆ కంపు గంధకపు వాయువు. రెండును ఆకులు కుళ్ళు సహజవ్యాపారములో పుట్టినవి. అంతేకాదు, ఆ గంధకమే కాడ్మియమును, సీసమును, జింకును పట్టి బంధించి, జీవుల నోటికి అందకుండ కావలి కాయును. దానిని కెలకి గాలి తగులనిచ్చినప్పుడే బంధములు సడలి లోహములు బయటపడును. యంత్రములతో పూడిక తీసి గట్టున పోయునప్పుడు భయపడవలసినది అందుకు.

మరికొందరు ప్రయోగశాల కాగితము చూపి బెదరింతురు. పీతలో రాగి కలదట! ఉండక ఏమగును? మన నెత్తుటికి ఇనుమెట్లో పీత నెత్తుటికి రాగి అట్లు. రొయ్యలో పాషాణము కలదట. సముద్రజీవులలోని పాషాణములో అధికభాగము దేహమునకు కీడు చేయని సేంద్రియరూపమున నుండును, మొత్తపు అంకె చూచి మూర్ఛపోనక్కరలేదు. గోదావరి బురదలో ఇనుము, మాంగనీసు, రాగి హెచ్చన్నచో, ఆ నది దక్కను నల్లరాతి పీఠభూమిని అరగదీసికొని వచ్చుచున్నదని చిన్ననాటి భూగోళములోనే చదివితిమి గదా.

తక్కినవానికి ఒక్కొక్క మాట చాలును. చింతపండు పులుసులో మరిగిన విషము చచ్చునందురు; పాదరసము పురుగు కాదు, చచ్చుటకు. పసుపు రాచిన పోవునందురు, నీచువాసన పోవును. పులస సముద్రపు విషమును మోసికొని వచ్చునందురు. అది పైనీటి ప్లవకమును తిను చేప, దానివలన చెడునది జేబు. గుల్లలను రాత్రంతయు నీటిలో నుంచిన శుభ్రమగునందురు. మంచి ఉప్పునీటిలో నుంచిన ఇసుకను కక్కును, లోహమును కక్కదు.

ఒక్క నమ్మకమునకు మాత్రము, ఇష్టము లేకున్నను, తల యొగ్గవలెను. చేప కిరసనాయిలు కంపు కొట్టుచున్నదని మన అవ్వలు చెరువుగట్టున పారవేయుట చాదస్తమని నేను చిరకాలము నవ్వితిని. నవ్వరాదు. చమురు కలిసిన నీట బ్రతికిన చేపకు ఆ కంపు అత్యల్పపాళ్ళలోనే అంటును. ముక్కు దానిని పసిగట్టును. అయితే ఆ ముక్కునకు కాడ్మియము తెలియదు, పాదరసము తెలియదు. కంపు లేదని శుద్ధియని ధ్రువపరచుటకు ముక్కునకు అధికారము లేదు.

ఇక తినువారికి నేను చెప్పునది ఇంతే. కవళ్ళు, నెత్తళ్ళు నిశ్చింతగా తినవచ్చును. గుల్లలు మాత్రము మురుగుకాలువ చివరను, మరపడవలు డీజిలు ఒలికించు చోటను ఏరినవి కొనవద్దు. ఎక్కడివని అడుగుటలో తప్పు లేదు. బాలింతకు పాలు పడునని సొర పిట్టు పెట్టు ఆచారము మనకు కలదు. గర్భిణులును పాలిచ్చు తల్లులును సొర తినరాదని అమెరికా ఆహారశాఖ సలహా. పిల్లసొరలో పాదరసము తక్కువ నిజమే, కాని పెద్దసొర ముక్కను బాలింత కంచములో వేయువారికి నా నమస్కారము. ప్రభుత్వమును అడుగవలసినది సముద్రము మంచిదా చెడ్డదా అని కాదు. వశిష్ఠ, వైనతేయ, గౌతమి మొగలలోని బురదను, ఆ బురదలోని గుల్లలను ఏటేట పరీక్షించి అంకెలను తెలుగులో అచ్చువేయుమని. గుల్లనే కాపలాదారుగ నిలుపు పద్ధతి లోకమున 1975నుండియు ప్రతిపాదింపబడియున్నది.

పీత మాట మిగిలినది. ఐరోపావారు పీత కాలికండకు కిలోకు అర మిల్లీగ్రాము కాడ్మియమని హద్దు పెట్టి, డిప్పలోని ముద్దను ఆ లెక్కనుండి తప్పించి, దానిని మితముగా తినుడని 2011లో జనులకు చెప్పి ఊరకుండిరి. ఆ పసుపుపచ్చని ముద్దకై మా ఇంట జరిగిన పోరులలో నేనును యోధుడనే. ఎప్పుడో ఒకనాడు తినువారికి బెంగ లేదు. వారమువారము తినువారును, బిడ్డలకు పెట్టువారును కాలికండతో తృప్తి పడవలెను. ఇదంతయు ఆ ఇల్లాలికి అరుగుమీద నిలబెట్టి చెప్పితిని. ఆమె ఓపికగా విని, తట్టవైపు తిరిగి, "కిలో ఎంతన్నావమ్మా?" అన్నది.