సునామీ అనే ప్రేమపాట: సదర్న్ ఆల్ స్టార్స్ మెలోడీల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం ఒకే బ్యాండ్ గురించి, అందులోనూ వాళ్ల స్లో పాటల గురించి. కార్ఖానా మెయిన్ రోడ్డు పక్కనే కూర్చుని రికార్డ్ చేస్తున్నా, కాబట్టి మధ్యలో హారన్లు వినిపిస్తే కాస్త సర్దుకోండి.

బ్యాండ్ పేరు సదర్న్ ఆల్ స్టార్స్. మనలో చాలామందికి జపాన్ పాటలంటే యానిమే ఓపెనింగ్సే తెలుసు. కానీ జపాన్‌లో మూడు తరాలు కలిసి పాడుకునే పాటలు కావాలంటే ఈ బ్యాండ్ దగ్గరికే రావాలి. టోక్యోలో అవొయామా గకుయిన్ యూనివర్సిటీలో చదువుకునే కుర్రాళ్లు పెట్టుకున్న బ్యాండ్ ఇది. దాదాపు అన్ని పాటలూ రాసేది, పాడేది కెయిసుకే కువాటా. కీబోర్డ్ వాయించేది యూకో హరా. 1982లో వీళ్లిద్దరూ పెళ్లి కూడా చేసుకున్నారు.

1978 జూన్‌లో మొదటి సింగిల్ వచ్చింది. సాంబా తాళం, ఊపిరాడనంత స్పీడుగా మాటలు, టీవీలో షార్ట్స్ వేసుకుని గంతులు. జనం ఏమనుకున్నారంటే, వీళ్లు కామెడీ బ్యాండ్, ఒక సీజన్ నవ్వించి వెళ్లిపోతారు అని. అప్పుడు 1979 మార్చిలో మూడో సింగిల్‌గా 'ఇతోషీ నో ఎల్లీ' వదిలారు. అంటే 'ప్రియమైన ఎల్లీ' అని అర్థం. ఒక్కసారిగా స్పీడ్ తగ్గించి, గొంతులో జీర పెట్టి, ఒక అమ్మాయిని బతిమాలుకుంటున్నట్టు పాడాడు కువాటా. అంతే, కామెడీ ముద్ర పోయింది. పదేళ్ల తర్వాత, 1989లో, అమెరికన్ సోల్ దిగ్గజం రే చార్ల్స్ ఇదే పాటని ఇంగ్లీషులో పాడాడు. జపాన్‌లో ఒక విస్కీ యాడ్ కోసం. మామూలుగా ఆసియా వాళ్లు అమెరికా ట్యూన్లు తెచ్చుకుంటారు కదా, ఇక్కడ ఉల్టా జరిగింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ స్లో పాటలు భాష రాకపోయినా మనకెందుకు ఎక్కుతాయి? నాకు తోచిన కారణాలు రెండు చెప్తా.

మొదటిది అచ్చులు. తెలుగుని అజంత భాష అంటాం, మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి. జపనీస్ కూడా దాదాపు అంతే, చివర 'న్' వచ్చే మాటలు తప్ప. రాక్ సంగీతమేమో హల్లుతో టక్కున తెగిపోయే ఇంగ్లీషు మాటల మీద పెరిగింది. అందుకే 1970ల మొదట్లో జపాన్‌లో పెద్ద వాదనే నడిచింది, అసలు జపనీస్‌లో రాక్ పాడొచ్చా లేదా అని. కువాటా తన ఫాస్ట్ పాటల్లో జపనీస్ మాటల్ని వంచి, నమిలి, ఇంగ్లీషులా వినిపించేట్టు పాడతాడు. స్లో పాటకి వచ్చేసరికి అదే అచ్చు వరం అయిపోతుంది. మాట చివర ఎంతసేపైనా సాగదీయొచ్చు, గమకం వేయొచ్చు. మన చెవికి అది కొత్త కాదు.

రెండోది పాట కట్టడం. మన సినిమా పాటలో పల్లవి ముందే వచ్చేస్తుంది, చరణం పాడి మళ్లీ దాని దగ్గరికే వస్తాం. జపాన్ పాటల్లో ఎక్కువగా మూడు మెట్లు ఉంటాయి. మొదటిది ఏ-మెలో, మెల్లగా కథ మొదలవుతుంది. రెండోది బి-మెలో, కొంచెం పైకి ఎక్కిస్తుంది. మూడోది సాబి, అంటే మనం హుక్ అంటామే, అది. అంటే అసలు సరుకు చివర్లో ఇస్తారు. డ్రమ్స్ కూడా తొందరపడవు. మనల్ని వెయిట్ చేయించి, గుండె నిండాక ఒక్కసారి గేట్లు ఎత్తుతారు.

ఈ పద్ధతికి పరాకాష్ఠ 2000 జనవరి 26న వచ్చిన పాట. దాని పేరే 'సునామీ'.

ఇది విపత్తు గురించిన పాట కాదండీ, అచ్చంగా ప్రేమపాట. మనసులో ఎగసిపడే బాధకి ఆ అలని పోలికగా తీసుకున్నాడు. కువాటాది చిగసాకి అనే సముద్రపు ఒడ్డు ఊరు. అతని పాటల్లో ఎప్పుడూ సముద్రం ఉంటుంది. ఆ మాట కూడా అలా సహజంగానే వచ్చి ఉంటుంది. సింగిల్ దాదాపు 29 లక్షల కాపీలు అమ్ముడైంది. ఆ ఏడాది జపాన్ రికార్డ్ అవార్డు కూడా దానికే. పెళ్లిళ్లలో, కరవోకే గదుల్లో ఎక్కడ చూసినా అదే.

తర్వాత 2011 మార్చి 11 వచ్చింది. తోహోకు తీరంలో 9.0 తీవ్రతతో భూకంపం, వెనకే సునామీ. 18,000 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఒక్క రోజులో ఆ పాట పేరు అర్థం మారిపోయింది. రేడియోలు, టీవీలు దాన్ని పక్కన పెట్టాయి. ఎవరూ నిషేధించలేదు. కానీ ఇల్లు, పిల్లలు కొట్టుకుపోయిన మనిషికి ఆ పేరు ఎలా వినిపిస్తుంది?

నేను కొన్నేళ్లు కోడ్ రాసి ఇటు వచ్చినవాణ్ని. కోడ్‌లో ఒక పేరు ఇబ్బంది పెడితే రీనేమ్ కొట్టి మార్చేస్తాం, పని అయిపోతుంది. పాటకి ఆ సౌకర్యం లేదు. లక్షల మంది నోట్లో ఉన్న మాటని వెనక్కి తీసుకోలేం.

మరి కువాటా ఏం చేశాడు? అప్పటికి బ్యాండ్ విరామంలో ఉంది. అతనికి 2010లో అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్ అయ్యింది. అయినా 2011 సెప్టెంబర్‌లో మియాగి వెళ్లి సోలో కచేరీ చేశాడు. ఆ హాలు మామూలు హాలు కాదు, మార్చిలో మృతదేహాలని ఉంచిన చోటు. 2013లో బ్యాండ్ మళ్లీ కలిసి టూర్ చేసింది, మియాగిలో కూడా ఆడింది. కానీ తమకి అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్‌ని మాత్రం పాడలేదు.

ఇది మనకి అర్థం కావాలంటే మన తీరానికి రావాలి. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వేల మందిని మింగేసింది. కృష్ణా జిల్లాలో ఆ తరం వాళ్ల దగ్గర 'ఉప్పెన' అని చూడండి, మాట ఆగిపోతుంది. 2021లో అదే పేరుతో ఒక ప్రేమకథ సినిమా వచ్చింది, సూపర్ హిట్ అయ్యింది. మధ్యలో 44 ఏళ్లు. 'సునామీ' మాట మనకి 2004 డిసెంబర్ 26న తెలిసింది. ఆ రోజు ఆంధ్ర తీరంలోనే వంద మందికి పైగా పోయారు. ఇప్పుడేమో 'వసూళ్ల సునామీ', 'ఓట్ల సునామీ' అని హెడ్డింగులు పెట్టేస్తున్నాం.

మన దగ్గర విపత్తు ముందు, ప్రేమకథ తర్వాత. జపాన్‌లో ప్రేమపాట ముందు, విపత్తు తర్వాత. ఏ దారిలో వచ్చినా, మాటకి తగిలిన గాయం మానడానికి టైమ్ కావాలి. ఆ టైమ్ ఎంతో చెప్పాల్సింది పోగొట్టుకున్నవాళ్లు. పాట రాసినవాడు కాదు, హెడ్డింగ్ పెట్టేవాడు అసలే కాదు. సదర్న్ ఆల్ స్టార్స్ అది గుర్తించారనే నాకు అనిపిస్తుంది. 2018లో వచ్చిన వాళ్ల బెస్ట్ ఆల్బమ్‌లో 'సునామీ' ఉంది. అంటే పాటని దాచేయలేదు. వినాలనుకున్నవాళ్లు ఇంట్లో ఒంటరిగా వినొచ్చు. స్టేడియంలో వేల మంది మధ్య, వద్దనుకున్నవాడి చెవిలో పోయలేదు.

వినాలనుకుంటే ఒక వరుస చెప్తా. ముందు 'ఇతోషీ నో ఎల్లీ'. తర్వాత 1990 నాటి 'మానత్సు నో కజిత్సు', అంటే నడివేసవి పండు. మరుసటి ఏడాదే హాంకాంగ్‌లో జాకీ చ్యూంగ్ దాన్ని కాంటోనీస్‌లో పాడాడు. చివర్లో 'సునామీ'. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, సాబి వచ్చేదాకా స్కిప్ చేయకండి. మీ ఊళ్లో కూడా ఇలా ఒక ఘటన తర్వాత జనం పాడటం మానేసిన పాట ఏదైనా ఉంటే నాకు చెప్పండి, దాని మీద ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటానండీ.