ఉద్దానపు వృద్ధులు – ఆరోగ్య పింఛను తనిఖీ

పలాస మొదలు ఇచ్ఛాపురము వరకు సముద్రతీరము వెంబడి పరచుకొన్న కొబ్బరి, జీడి, పనస తోటల సీమను ఉద్దానమందురు. ఉద్యానవనమను మాటయే ఈ రూపము దాల్చినదని పెద్దలు చెప్పుదురు. ఇంతటి చల్లని నీడలు గల సీమలో మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా ఇంటింటిని పీడించుచున్నది. త్రాగు నీరా, నేలయా, ఎండలోని చాకిరియా, దీనికి మూలమేదియో శాస్త్రజ్ఞులు నేటికిని నిశ్చయముగా చెప్పజాలకున్నారు. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రియు, హిరమండలము జలాశయము నుండి మంచినీరు తెచ్చు పథకమును ప్రారంభమైనవి. ఆ కథ వేరు. ఇప్పుడు మేము ముచ్చటింపదలచినది పింఛను కాగితముల సంగతి. వినుటకు చిన్నదే గాని, పిల్లలు చెన్నపట్నమునకో హైదరాబాదునకో వలసపోగా ఇంట మిగిలిన ముసలి దంపతులకు అది చిన్నది కాదు.

2024 జూలై నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వృద్ధాప్య పింఛనును నెలకు 4,000 రూపాయలుగను, దివ్యాంగుల పింఛనును 6,000గను, డయాలసిస్ రోగుల పింఛనును 10,000గను, మంచమునకో చక్రముల కుర్చీకో పరిమితమైన వారి పింఛనును 15,000గను నిర్ణయించినది. డయాలసిస్ మొదలుకాకున్నను రక్తములో క్రియాటినిన్ 5 మిల్లీగ్రాములు దాటినవారికి, జి.ఎఫ్.ఆర్. అను వడపోత లెక్క 15 కంటె తగ్గినవారికి, మూత్రపిండములు కుంచించుకొనిపోయినవారికి కూడ 10,000 తరగతి వర్తించును. 2025 జనవరిలో ఆరోగ్య పింఛనుల పునఃపరిశీలన ఆరంభమైనది. మొదట మంచము పట్టినవారి ఇండ్లకు వైద్యులే వెళ్ళిరి. తరువాత దివ్యాంగులను ఆసుపత్రులకు పిలిపించిరి. ఆ ఆగస్టులో వైకల్యము 40 శాతమునకు లోబడినదని తేలినవారికి నోటీసులు వచ్చినవి. అప్పీలు చేసికొను అవకాశమును ఇచ్చిరి.

తనిఖీయే తగదని మేమనము. అర్హత లేనివారు తీసికొను ప్రతి రూపాయి అర్హుని నోటి నుండి తీసినదే. కాని 10,000 పొందుచున్న రోగి 4,000 వృద్ధాప్య పింఛనుకు దిగినచో నెలకు 6,000 నష్టము. ఆస్పత్రికి ఆటో కిరాయి, మందుల ఖర్చు అందులోనే గడవవలెను. తన రోగమును తానే రుజువు చేసికొనవలసిన ఈ భారము నీరసించిన మనుష్యునిపై పడుచున్నది గనుక, ఆ రుజువు ఎట్టిదో ఇంటివారు ముందుగా గ్రహించుట అవసరము.

క్రియాటినిన్ అనునది కండరములనుండి పుట్టి మూత్రము ద్వారా పోవలసిన వ్యర్థము. వృద్ధులలో కండ కరగియుండును. కావున పుట్టునదే తక్కువ. అందువలన మూత్రపిండములు చాలవరకు చెడినను అంకె భయపెట్టునట్లు కనబడదు. రక్తములో 1.4 ఉన్నదనుకొందము. 30 ఏండ్ల యువకునికి అది సుమారు 69 జి.ఎఫ్.ఆర్.కు సమానము. 75 ఏండ్ల అవ్వకు అదే 1.4 సుమారు 39కి దిగును. కావున పరీక్ష చేయించిన ప్రతిసారియు క్రియాటినిన్‌తో పాటు జి.ఎఫ్.ఆర్. కూడ కాగితముపై వ్రాసి ఇమ్మని అడుగవలెను. ఒక్క కాగితము చాలదు. వాంతులు, విరేచనములు, వడదెబ్బ తగిలి నీరు తగ్గినపుడు క్రియాటినిన్ తాత్కాలికముగా పెరుగును. అందుచేత మూడు మాసములకు పైబడి నిలిచిన దోషమునే వైద్యులు దీర్ఘవ్యాధిగా గణింతురు. తేదీలు గల పాత కాగితములకు అందువలననే విలువ. నొప్పి బిళ్ళలు అదేపనిగా మ్రింగుట ఈ వ్యాధికి చేటని ఈ సందర్భమున చెప్పకుండుట మాకు సాధ్యము కాదు.

డయాలసిస్ రోగుల విషయములో మరొక చిక్కు గలదు. యంత్రము రక్తమును శుద్ధి చేసిన వెంటనే సూది గ్రుచ్చి పరీక్షించినచో క్రియాటినిన్ సగమునకు పైగా తగ్గి కనబడును. ఆ అంకెను చూచినవారు రోగము తేలికపడినదని భ్రమపడవచ్చును. నమూనా డయాలసిస్‌కు ముందే ఇయ్యవలెను. లేనిచో ఎప్పుడు తీసినదియు కాగితముపై వ్రాయించుకొనవలెను. పలాస, సోంపేట, టెక్కలి కేంద్రములకు పోవువారు తమ డయాలసిస్ పుస్తకమును వెంట తీసికొని వెళ్ళుట మంచిది. తనిఖీ దినమును డయాలసిస్ దినమును ఒక్కటైనచో తనిఖీని మార్చుమని కోరవలెను గాని, డయాలసిస్‌ను ఎంత మాత్రమును మానరాదు. ఫిస్ట్యులా గల చేతి నుండి రక్తము తీయనీయరాదు.

పలాస జీడి బట్టీలలో బ్రతుకంతయు గింజలు కొట్టిన స్త్రీలకు మరొక కష్టము. జీడి చమురు చేతులను కాల్చును. దానికి తోడు ముసలితనము. వ్రేలి ముద్రలు అరిగిపోయి యంత్రమునకు దొరకవు. ఆధార్ విధానములో కంటిపాపను గాని ముఖమును గాని చూపి గుర్తింపు పొందు మార్గము గలదు. ఆ మార్గము తెలియక వెనుదిరిగి వచ్చుట అనవసరము. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుగా పడియున్నచో తనిఖీకి ముందే దిద్దించుకొనవలెను. ఈ వయస్సు లెక్క మరొక చోటను పనికివచ్చును. 2024 అక్టోబరు 29న ప్రారంభమైన వయ వందన కార్డు 70 ఏండ్లు నిండినవారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఏటికి 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్సకు అక్కరకు వచ్చును. అక్కడ వయస్సుకు ఆధారు ఆధార్ కార్డే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతములను చెల్లాచెదరు చేసినది. గాలివానకు పైకప్పే నిలువని ఇంట కాగితము నిలుచునా? అసలు పత్రములను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, నకళ్ళు ఊరనున్న కొడుకు వద్దనో కూతురు వద్దనో ఉంచవలెను. ఫోనులో ఫొటోలు తీసి పంపినను మేలే.

నోటీసు చేతికి వచ్చినపుడు తీసికొన్న తేదీని దానిపైననే వ్రాసికొనుడు. అప్పీలు గడువు దానినిబట్టియే లెక్కకు వచ్చును. జనులు సచివాలయమని పిలుచు గ్రామ కార్యాలయమునకు పోయి అడిగినపుడు నోటిమాటతో తృప్తిపడక, ఇచ్చిన అర్జీకి రసీదు తీసికొని ఆ సంచిలోనే పెట్టుడు.