ముట్లుడుగు వేళ పార్శ్వపు నొప్పి

తెలుగున నొప్పికి పేర్లు తక్కువ లేవు. పుండునకు సలుపు, కడుపునకు పోటు, కాళ్లకు పీకు, కండ్లకు మంట, నడుమునకు పట్టు, జ్వరము వచ్చుటకు ముందు ఒంటికి తీపులు. తలకు వచ్చుసరికి ఈ సంపద మఱింత హెచ్చును. తలపోటు, తలభారము, తలదిమ్ము, కణతలు అదరుట, మాడు పగులుట మొదలగునవి పల్లెలోని యే యవ్వను అడిగినను చెప్పగల మాటలే. ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1926లో ప్రకటించిన ఒక వ్యాసమున, ప్రేమకును విషాదమునకును తన భాషలో మాటలు నిండుగా నుండగా, తలనొప్పిని వైద్యునకు వివరింపబోయినచో మాట కఱవగునని వాపోయినది. ఆమెకు అది అనుభవములోని యిబ్బంది. తలనొప్పులతో దినములకు దినములు మంచము పట్టిన మనిషి. తెలుగు స్త్రీకి మాటల కొఱత లేదు. ఆ మాటలను చెప్పుకొనుటకు తగిన చోటు మాత్రమే కొఱత.

నలుబది దాటిన స్త్రీలు పెక్కండ్రు అనుభవించుచు, బయటపెట్టక దాచుకొను నొప్పి పార్శ్వపు నొప్పి. దీనినే వైద్యులు మైగ్రేన్ అందురు. ఇది క్రొత్తగా పుట్టిన రోగము కాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున పేర్కొన్న పదునొకండు శిరోరోగములలో అర్ధావభేదకము ఒకటి. తలలో సగమును చీల్చినట్లుండుననియు, పదిదినములకో పక్షమునకో తిరిగి వచ్చుననియు అందు చెప్పబడినది. గ్రీకు వైద్యుడు గేలెన్ దీనికి ‘హెమిక్రేనియా’ అని పేరిడెను. సగము కపాలమని దాని యర్థము. ఆ మాటయే ఫ్రెంచివారి నోట అరిగి మైగ్రేన్ అయినది. ఇరుదేశముల వైద్యులును సగమునే పేరులో పట్టుకొనిరి గాని, కొందఱికి ఈ నొప్పి తల రెండువైపులను వచ్చును. అంతమాత్రమున అది మైగ్రేన్ కాకపోదు.

దీనిని ఉత్త తలనొప్పి యనుట పొరపాటు. ఇది మెదడునకును నరములకును సంబంధించిన వ్యాధి; తరచుగా తల్లినుండియో తండ్రినుండియో సంక్రమించును. చికిత్స లేనిచో ఒక్కొక్క విడత 4 గంటలు మొదలు 72 గంటల వఱకు నిలుచును. నొప్పితోపాటు వికారము, వాంతి, వెలుగును చూడలేకపోవుట, చప్పుడును ఓర్చలేకపోవుట, పోపు ఘాటుకును అగరువత్తి వాసనకును కడుపులో త్రిప్పుట ఉండును. కొందఱికి నొప్పికి ముందు కండ్లయెదుట కోటబురుజుల వంటి వంకరటింకర మెఱుపుగీతలు కనబడి, కొంతసేపటికి మాయమగును. హ్యూబర్ట్ ఏరీ అను ఆంగ్ల వైద్యుడు తనకు కనబడిన ఈ గీతలను తానే చిత్రించి 1870లో ప్రకటించెను. ఈ గీతలు కనబడు విషయమును వైద్యునకు చెప్పుట ఎందుకు ముఖ్యమో ముందు తెలియగలదు.

బాల్యమున ఈ వ్యాధి ఆడపిల్లలకును మగపిల్లలకును ఇంచుమించు సమానము. రజస్వల యైన పిమ్మట త్రాసు ఒకవైపునకు మొగ్గును. పెద్దవారిలో పురుషుల కంటె స్త్రీలకు ఇది దాదాపు మూడురెట్లు అధికము. ఈ తేడాకు ముఖ్యకారణము అండాశయములనుండి వెలువడు ఈస్ట్రోజెన్ అను హార్మోను. దీనిని 1929లో అమెరికాలో ఎడ్వర్డ్ డాయిసీ, జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాంట్ వేఱువేఱుగా శుద్ధరూపమున వేఱుపఱచిరి. దానికిని తలనొప్పికిని గల లంకెను తేటపఱచిన ప్రయోగము ఆస్ట్రేలియాలో జరిగినది. సామర్‌విల్ అను వైద్యుడు 1972లో ప్రకటించిన ఆ ప్రయోగము విజ్ఞానశాస్త్ర విద్యార్థులు తెలిసికొనదగినది. నెలసరితోపాటు పార్శ్వపు నొప్పి వచ్చు కొద్దిమంది స్త్రీలకు ఆయన ముట్టునకు ముందు ఈస్ట్రోజెన్ సూదిమందు ఇచ్చెను. ముట్టు వేళకే వచ్చినది, నొప్పి మాత్రము వెనుకబడినది. ప్రొజెస్టిరోన్ అను రెండవ హార్మోను ఇచ్చినప్పుడు ముట్టు వెనుకబడినది, నొప్పి వేళకే వచ్చినది. అనగా నొప్పిని లేపునది రక్తస్రావము కాదు. కొన్నిదినములు ఎత్తున నుండిన ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోవుటయే.

నడివయస్సు సంగతి దీనివలన బోధపడును. ముట్లుడుగుట యనగా ఒకనాటితో ఆగిపోవుట యని పలువురి తలంపు. దానికి ముందు నాలుగైదేండ్లు, ఒక్కొక్కరికి ఎనిమిదేండ్లు కూడ పట్టు సంధికాలము కలదు. ఆ కాలమున ఈస్ట్రోజెన్ మెట్టుమెట్టుగా దిగునని అనుకొనరాదు. చిత్త, స్వాతి కార్తెలలో వానకాలము వెడలిపోవు తీరును రైతు నడిగిన తెలియును: నాలుగు దినములు ఎండ, ఒక రాత్రి కుండపోత, మరల ఎండ. హార్మోను నడకయు నట్టిదే. ఒక నెల పడుచుదనమున కంటెను అధికము, మఱునెల అట్టడుగు. పడిపోవుటయే నొప్పికి మూలమైనప్పుడు, తఱచుగా పడు కాలమున తఱచుగా నొప్పి వచ్చుటలో వింత యేమున్నది? దానికి తోడు ఒంటినుండి ఆవిరులు చిమ్మి, రాత్రులు చెమటకు తడిసి, నిద్ర చెడును. నిద్ర చెడిన తెల్లవారి తల పట్టుకొనును. భారతదేశమున స్త్రీలకు ముట్లుడుగు వయస్సు సగటున 46, 47 ఏండ్లు; కావున ఈ సంధికాలము నలుబదియవ యేటనే మొదలు కావచ్చును. ఇంటిలో పిల్లల చదువులు, అత్తమామల ముసలితనము, బడిలో పరీక్షపత్రముల దిద్దుబాటు, అన్నియు ఒక్కమారు మీదబడు వయస్సు.

నెలసరికి తెలుగునాట మాఱుపేర్లు ఎన్నియో కలవు. బయట చేరుట, దూరముండుట, మూల కూర్చుండుట. అది మొదలగు దినమున పేరంటాండ్రను పిలిచి, అక్షతలు వేసి, చిమ్మిలి పంచిపెట్టు ఇండ్లు నేటికిని ఉన్నవి. అది ముగియు కాలమునకు మాత్రము పేరంటము లేదు, ప్రస్తావనయు లేదు. ఏడవ తరగతికి పద్యము చెప్పుచు, కిటికీ వెలుగు కండ్లలో సూదివలె దిగగా బల్ల పట్టుకొని నిలిచిన ఉపాధ్యాయినిని తోడివారు ఏమందురు? చిరాకు మనిషి యందురు. పరీక్షల పని తప్పించుకొనుటకు సాకు అందురు. ఆమె పైటకొంగు తలకు బిగించి కట్టుకొనును, శొంఠి అరగదీసి పట్టు వేసికొనును, అమృతాంజనము రాచుకొనును. (ఆ మందు నొప్పిని నయము చేయదు గాని తెలుగువారికి చేసిన మేలు వేఱొకటి కలదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో దానిని స్థాపించి, ఆ సంపాదనతోనే 1908లో ఆంధ్రపత్రికను నడుపనారంభించెను. తెలుగు పత్రికల చరిత్రలో ఒక ముఖ్యఘట్టము తలనొప్పి మందుమీద నిలిచినది.) అటుపిమ్మట మందులదుకాణమునుండి మాత్ర వచ్చును. మౌనము వలన కలుగు నష్టము ఇచ్చటనే ప్రారంభము.

మాత్ర తగ్గించును, తగ్గినది గదా యని మరల వేసికొందురు. కొన్నినెలలకు మాత్రయే నొప్పిని పుట్టించు స్థితి వచ్చును. దీనికి వైద్యులు లెక్క నిర్ణయించిరి. సామాన్యమగు నొప్పిమాత్రలను నెలకు 15 దినములు, పలుమందులు కలిపిన మాత్రలను, ఎర్గాట్, ట్రిప్టాన్ తెగల మందులను నెలకు 10 దినములు లేక అంతకు మించి, మూడునెలలకు పైగా వాడినచో ఈ ప్రమాదము కలదు. నెలకు 15 దినములకు తక్కువ కాకుండ తల నొచ్చుచు, అందు 8 దినములైనను మైగ్రేన్ లక్షణములు కనబడుచు, మూడునెలలు దాటినచో దానిని దీర్ఘకాలిక మైగ్రేన్ అందురు. అప్పుడప్పుడు వచ్చు నొప్పి ఈ దశకు దిగజాఱుటలో విచ్చలవిడిగా మ్రింగిన మాత్రల పాత్ర చిన్నది కాదు.

మఱియొక ప్రమాదము దీనికంటె పెద్దది. నడివయస్సు బాధ యేదైనను గర్భసంచి తీసివేయించుకొన్న పోవునను నమ్మకము తెలుగు జిల్లాలలో లోతుగా నాటుకొన్నది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకొన్న స్త్రీల పాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో దేశములోకెల్ల అధికమని తేలినది. వారిలో ఎందఱో నలుబదియైనను నిండనివారు. రోగము నిజముగా ఉన్నచోట శస్త్రచికిత్స చేయవలసినదే. కాని తలనొప్పికి అది మందు కాదు. గర్భసంచితోపాటు అండాశయములను గూడ తీసివేసినచో, ఏండ్ల తరబడి దిగవలసిన ఈస్ట్రోజెన్ ఒక్కదినములో కూలిపోవును; పార్శ్వపు నొప్పి తగ్గుటకు మాఱు హెచ్చుటయే తఱచుగా చూడబడినది. ఈ సంగతి తెలియక సంతకము చేసిన చేతులెన్నియో.

మఱి చేయదగిన దేమి? మొదట కావలసినది ఒక రూళ్లపుస్తకము. నలుబదిమంది పిల్లల హాజరు ప్రతిదినము వేయు ఉపాధ్యాయినికి తన తలనొప్పి హాజరు వేయుట బరువు కాదు. తేదీ, నొప్పి మొదలైన వేళ, ఏవైపు, ఎంతసేపు, వాంతి ఉన్నదా, మెఱుపుగీతలు కనబడినవా, ముట్టు ఏనాడు, క్రిందటి రాత్రి నిద్ర యెంత, భోజనము తప్పినదా, ఏ మాత్ర ఎన్ని. సలుపో పోటో అదురో తనకు తోచిన తెలుగుమాటతోనే వ్రాయవచ్చును. వైద్యునకు అదియే కావలసినది. మూడునెలల పట్టిక చేతనుంచుకొని పోయిన స్త్రీని ‘ఏదో నరముల బలహీనత’ యని పంపివేయుట కష్టము. ఆమెకును తన నొప్పి తీరు తెలియవచ్చును. ఏకాదశి ఉపవాసమో, కార్తిక సోమవారమో, రంజాను పగలో తలకు పడనిచో ఆ పట్టికలో కనబడును. దినమునకు నాలుగుమార్లు కాఫీ త్రాగువారు ఒక్కపూట మానిన కలుగు నొప్పియు కనబడును. ఆదివారము గదా యని ప్రొద్దెక్కువఱకు నిద్రించుటయు కొందఱికి పడదు. వేళకు భోజనము, వేళకు నిద్ర, రోజును కొంత నడక. ఇవి అందఱెఱిగినవే, పాటించుటయే కష్టము.

మందుల విషయమున అదృష్టవశమున కాలము మాఱినది. ఎర్గాట్ నుండి 1918లో తీసిన ఎర్గాటమిన్ చాలకాలము ప్రధానౌషధముగా నుండెను. 1991లో సుమాట్రిప్టాన్ వచ్చినది. నొప్పి ముదరకముందే వేసికొన్న పనిచేయును, అయితే గుండెజబ్బు, పక్షవాతము ఉన్నవారికి కూడదు. విడతలు తఱచైనప్పుడు నొప్పి రాకుండ ప్రతిదినము వాడు మందులు వేఱు. అందు ప్రొప్రనొలోల్ గుణము 1966లో ఛాతీనొప్పికి ఇచ్చిన రోగికి తలనొప్పి తగ్గుటచే యాదృచ్ఛికముగా బయటపడినది. ఉబ్బసము కలవారు దానిని వాడరాదు. 2018లో అమెరికాలో ఆమోదము పొందిన సూదిమందులు సి.జి.ఆర్.పి. అను పదార్థపు పనిని అడ్డగించును. పార్శ్వపు నొప్పి కొఱకే పుట్టిన నివారణౌషధములలో ఇవి ముఖ్యములు. ఆ మార్గమును కనుగొన్న నలుగురు శాస్త్రజ్ఞులకు 2021లో ‘బ్రెయిన్ ప్రైజ్’ లభించినది. వెల మాత్రము సామాన్యులకు బరువే.

ఈస్ట్రోజెన్ పడిపోవుట మూలమైనచో దానినే బయటినుండి ఇయ్యరాదా? ఇయ్యవచ్చును, వైద్యుని పర్యవేక్షణలో. చర్మమునకు అంటించు పట్టీగానో పూతగానో ఇచ్చినచో మోతాదు నిలకడగా నుండును. మ్రింగు మాత్రలతో హెచ్చుతగ్గులు ఎక్కువ. గర్భసంచి ఉన్నవారికి ప్రొజెస్టిరోన్ జాతి మందు కూడ తోడు కావలెను. రొమ్ము కాన్సరు వచ్చినవారికి సామాన్యముగా ఇది పనికిరాదు. మెఱుపుగీతలు కనబడువారికి పక్షవాత భయము ఇతరులకంటె కొంచెము హెచ్చు. ఈస్ట్రోజెన్ కలసిన గర్భనిరోధక మాత్రలు ఆ భయమును మఱింత పెంచును. గీతల సంగతి దాచకుండ చెప్పవలసిన కారణ మిదియే.

కొన్ని గుర్తులు కనబడినచో పట్టిక వ్రాయుచు కూర్చుండరాదు. పిడుగుపడినట్లు క్షణములో మిన్నంటిన నొప్పి, మాట తడబడుట, ఒకవైపు చేయి కాలు స్వాధీనము తప్పుట, జ్వరముతో మెడ బిగియుట, ఏబది యేండ్లు దాటిన పిమ్మట మొదటిసారి వచ్చిన క్రొత్తరకపు తలనొప్పి; ఇవి వెంటనే ఆసుపత్రికి పోవలసినవి.

ఇంటివారు, బడివారు చేయవలసినది వైద్యమంత కష్టము కాదు. కిటికీ తెర వేసి, తలుపు చప్పుడు కాకుండ మూసి, ఆపూట పోపు మాని పెరుగన్నముతో సరిపెట్టుకొన్న భర్తయు పిల్లలును సగము సేవ చేసినట్లే. ఉపాధ్యాయుల గదిలో ఒక మూల కొంచెము చీకటిగా, ఒక బల్ల ఖాళీగా ఉంచుటకు ప్రభుత్వపు ఉత్తరువు అక్కఱలేదు. మూడవ పీరియడు తాను తీసికొని, అరగంట పడుకొనుమని చెప్పు తోడి ఉపాధ్యాయుడు కారణము అడుగనక్కఱయు లేదు.

పండ్రెండు నెలలు వరుసగా ముట్టు రానిచో ముట్లుడిగినట్లు లెక్క. హార్మోను హెచ్చుతగ్గులు సద్దుమణగిన పిమ్మట చాలమందికి విడతలు పలుచబడును, కొందఱికి మాసిపోవును. ఇది ఒక ఏడాదిలోనే జరుగవలెనని లేదు, రెండుమూడేండ్లు పట్టవచ్చును. కొందఱికి అటుపిమ్మటను నిలిచియే యుండును. అట్టివారు మందును, పట్టికను కొనసాగించుచు, ఏటేట రక్తపుపోటు చూపించుకొనుచుండవలెను.