బోధన్ యువత ఆశలు - సముదాయం ఉదాసీనత

ఒక ఊరి బతుకంతా ఒకే కర్మాగారం మీద ఆధారపడితే, ఆ కర్మాగారం మూతపడిన నాడు ఊరి పిల్లల భవిష్యత్తు ప్రశ్నార్థకమవుతుంది. నిజామాబాద్ జిల్లాలోని బోధన్ పట్టణమే ఇందుకు సజీవ ఉదాహరణ.

మంజీరా నదిపై నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీటితో చెరకు పండింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా పేరు పొందింది. ముస్లింలు, ముస్లిమేతరులు భుజం భుజం కలిపి పనిచేసిన చోటు అది. 2002లో అందులో మెజారిటీ వాటా ప్రైవేటు పరమైంది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీకి తాళం పడింది. దాన్ని తెరిపిస్తామన్న వాగ్దానాలు ఆ తర్వాతి ఎన్నికల్లో ఎన్నోసార్లు వినిపించాయి.

జీతం ఆగిన ఇళ్లలో ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. మగవాళ్లు గల్ఫ్ దారి పడతారు. ఆడవాళ్లు ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడతారు. పదో తరగతి తప్పిన కుర్రవాడు మెకానిక్ షెడ్డులోనో, పండ్ల బండి దగ్గరో కుదురుకుంటాడు.

అయితే ఈ పిల్లలకు ఆశలు లేవనుకుంటే పొరపాటు. బోధకులుగా మేము ఇటువంటి ఇళ్ల పిల్లలతో ఏళ్ల తరబడి మాట్లాడుతున్నాం. ఒకమ్మాయి నర్సింగ్ చదవాలనుకుంటుంది. ఒకబ్బాయి పోలీసు ఉద్యోగానికి పరీక్ష రాయాలనుకుంటాడు. ఇవి ఆకాశానికి నిచ్చెనలు వేసే కోరికలేమీ కావు. వారికి కావలసింది దారి చూపే ఒక పెద్దమనిషి, సమయానికి కట్టే ఫీజు, కూర్చుని చదువుకోవడానికి కాస్త చోటు.

మరి సముదాయం ఏం చేస్తోంది? జుమా నమాజు ముగియగానే హోటల్లో చాయ్ తాగుతూ 'జమానా ఖరాబైంది, పిల్లలు సెల్‌ఫోన్ వదలడం లేదు' అని నిట్టూరుస్తోంది. ఆ నిట్టూర్పుల మధ్యనే దరఖాస్తుల గడువులు దాటిపోతున్నాయి. వలీమా విందుకు అప్పు పుడుతుంది. జోడే కీ రఖంకు అప్పు పుడుతుంది. ఆడపిల్ల కాలేజీ ఫీజు దగ్గరకు వచ్చేసరికి మాత్రం 'ఎలాగూ పెళ్లై పోయేదే కదా' అన్న మాట వస్తుంది. బీడీలు చుట్టి తల్లి కూడబెట్టిన పైసలు చదువుకు కాక కట్నానికి చేరుతున్నాయి. ఇది న్యాయమేనా?

అవకాశాలు అసలే లేవా అంటే, ఉన్నాయి. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ 2007లో వచ్చింది. సర్టిఫికెట్ చేతిలో లేకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది. 2016లో తెలంగాణలో మైనారిటీ గురుకులాలు మొదలయ్యాయి. అక్కడ అయిదో తరగతి నుంచి ఉచితంగా చదువుకోవచ్చు. ప్రభుత్వ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదివే పేద విద్యార్థి ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి ఎంపికైతే, తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. మరోవైపు ఒకటి నుంచి ఎనిమిది తరగతుల మైనారిటీ పిల్లలకిచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. ఆ మేరకు మన బాధ్యత పెరిగిందే గాని తగ్గలేదు.

బద్ర్ యుద్ధ ఖైదీలలో చదువు వచ్చినవారికి ప్రవక్త మహనీయులు (స) విధించిన పరిహారం ఏమిటో సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఒక్కొక్కరు మదీనా పిల్లలు పదిమందికి రాయడం నేర్పితే చాలు, విడుదలే. నిన్నటి శత్రువు చేత కూడా పిల్లలకు చదువు చెప్పించిన సంప్రదాయం మనది. అటువంటిది సొంత మొహల్లాలో డిగ్రీ చదివిన యువకుడి చేత పదిమందికి లెక్కలు చెప్పించలేమా?

చేయవలసినది కొండంత పనేమీ కాదు. మస్జిద్ బోర్డు మీద పరీక్షల తేదీలు, దరఖాస్తుల గడువులు రాయించాలి. జుమా తర్వాత అరగంట సేపు ఇద్దరు చదువుకున్న యువకులు కూర్చుని ఫారాలు నింపిపెట్టాలి. మస్జిద్‌కు చెందిన ఒక గదిలో ఇషా తర్వాత లైటు వేసి ఉంచితే, ఇరుకింటి పిల్లలు వచ్చి చదువుకుంటారు. ఆడపిల్లలకు పగటిపూట వేరుగా సమయం కేటాయించాలి. గల్ఫ్‌లో కరెంటు పని, ఏసీ పని నేర్చి తిరిగొచ్చినవారు ఆ పనిని మొహల్లా కుర్రవాళ్లకు నేర్పాలి. రమజానులో తలా కొంత చిల్లరగా పంచే జకాత్ సొమ్మును ఒకచోట చేరిస్తే, అర్హులైన పేద విద్యార్థుల చేతికి ఏడాది ఫీజు అందుతుంది.

ఫ్యాక్టరీ తాళం తీయడం మన చేతిలో లేదు. మస్జిద్ పక్క గది తాళం మన కమిటీ దగ్గరే ఉంది. వచ్చే జుమా నాటికైనా దాన్ని తీద్దాం. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక!