మూగనేస్తాలకు వేసవి గండం!

ఎండలో మనకు పట్టిన చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. కుక్కలకు ఆ వీలు లేదు. వాటికి చెమట పట్టేది ముఖ్యంగా అరిపాదాల్లోనే. అందుకే నాలుక చాపి రొప్పుతాయి. చప్పిడి ముక్కు పగ్‌లకు అదీ కష్టమే!

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. ఎండలో తిరిగాక 104 దాటిందంటే వడదెబ్బేమోనని అనుమానించాలి. ఆగకుండా రొప్పడం, చొంగ కార్చడం, తూలడం, వాంతులు... వీటిలో ఏది కనిపించినా వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, ఫ్యాను కింద ఉంచాలి. అవి మిద్దె మీది ట్యాంకులో కాగిన నీళ్లు కాకూడదు. తర్వాత ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి. పిల్లి నోరు తెరిచి రొప్పుతున్నా ప్రమాదమే.

షికారుకు తెల్లవారుజామునే తీసుకెళ్లండి. పొమరేనియన్లకు బొచ్చు నున్నగా గొరిగించొద్దు. ఎండ నుంచి కాపాడేది అదే. రోజూ దువ్వితే చాలు.

పెరుగన్నం పెట్టేటప్పుడు అందులో ఉల్లిపాయ లేకుండా చూడండి. ద్రాక్ష కూడా విషమే. మామిడి టెంక మింగితే పేగుకు అడ్డం పడొచ్చు. పిడుదులు పోవడానికి కుక్కకు వేసే పెర్మెత్రిన్ మందును పిల్లికి వాడితే ప్రాణానికే ముప్పు.

అన్నిటికన్నా ముఖ్యం... 'రెండు నిమిషాలే కదా' అని అద్దాలు మూసిన కారులో మాత్రం వాటిని వదలొద్దు!