వాద్యబృందమును వినుట

వీణ యొక్కటియే మ్రోగుచుండ మృదంగము తోడు నడచు కచేరి మనమెఱిగినదే. ఇరువదిమంది యొక్క వేదికపై గూర్చుండి యొక్క కృతినే వాయించుట మాత్రము మనలో ననేకులకు క్రొత్త. ఇటీవల మా గోదావరిఖనిలో నట్టి కచేరి యొకటి సాయంకాలము జరుగగా, మా వీధి స్త్రీలము తొమ్మండుగురము కలిసి పోయితిమి.

పోవుట సులభము కాదు. ఈ బొగ్గుబాయిల యూర సాయంకాలమనునది యన్ని యిండ్లకు నొక్కటి కాదు. మొదటి షిఫ్టువారు మధ్యాహ్నము దాటిన పిమ్మట నింటికి వచ్చి భుజింతురు. రెండవ షిఫ్టువారికై రాత్రి చాల ప్రొద్దుపోవువఱకు అన్నము వేడిగా నుంచవలయును. రాత్రి షిఫ్టునకు పోవువారికి టిఫిను డబ్బా సాయంకాలమే కట్టవలయును. ఆఱు గంటలకు కచేరి యని నిర్ణయించిన పెద్దలు బాయి గడియారమును జూచిరే గాని మన పొయ్యిని జూడలేదు.

మొదట త్యాగరాజస్వామివారి ‘జగదానందకారక’, నాటరాగము. వయొలినులు, వీణలు, వేణువు, క్లారినెట్టు అన్నియు నొక్కటే స్వరమార్గమున నడచినవి. తిరువయ్యారున ఆరాధన దినమున విద్వాంసులెల్లరు పంచరత్నములను కలిసి పాడుట యెఱిగినవారికి ఇది వింతగ దోపదు.

అయిన నొక చిక్కు కలదు. పాశ్చాత్యుల ఆర్కెస్ట్రాలో స్వరములు కాగితముపై వ్రాసియుండును. వేర్వేఱు వాద్యములు వేర్వేఱు స్వరములను ఏకకాలమున పలుకగా, ఆ కలయికయే వారి సొగసు. మన రాగమునకు ప్రాణము గమకము. ఒకే గాంధారమును పదిమంది పదివిధముల నూపినచో రాగము మిగులునా? తిరుగలి మ్రోతయే మిగులును. కావున బృందమును కూర్చువాడు గమకము నిండిన చోటును ఒక్క వీణకో వేణువునకో విడిచి, తక్కినవారిచే నాధారస్వరము నిలిపించును. గతి వడిగా నున్నచోట నందఱను కలుపును. ఆ సాయంకాలము మేము శ్రద్ధతో గమనించినది యిదియే.

మన దేశమున నీ ప్రయత్నము నిన్నటిది కాదు. ఆకాశవాణివారు 1952లో ఢిల్లీలో వాద్యబృందమును నెలకొల్పిరి. ద్రాక్షారామమున 1922లో జన్మించిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు దానికి సంగీతము కూర్చి నడిపించినవారిలో నొకరు. అంతకుముందు చెన్నపురి జెమినీ స్టూడియోలో సినిమా సంగీతమున పనిచేసిన యనుభవము వారికి గలదు. ఇక వయొలిను పశ్చిమమునుండి వచ్చినదే; విజయనగర సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో నది తెలుగింటి యాడపడుచైనది.

రెండవ భాగమున నేటి రచనలు. కీబోర్డు, డ్రమ్ములు వచ్చి చేరినవి. మోహనరాగమున కూర్చిన యొక రచన మాకందఱకు నచ్చినది. తరువాతిదానిలో డ్రమ్ముల మ్రోతకు వీణ వినబడనే లేదు; వ్రేళ్ళు కదలుట మాత్రము కనబడినది. మైకు పెంచిన సంగీతము పెరిగినదనుకొనుట నేటి జాడ్యము.

మాతో వచ్చిన వదినగారొకరు బాల్యమున ఎనిమిదేండ్లు వీణ నేర్చినవారు. పెండ్లియైన నాడు పుట్టింట గోడకానించిన వీణ యిరువదియేండ్లుగ నచటనే యున్నది. ఆమె కచేరియంతయు కొంగుచాటున తాళము వేయుచునే యుండిరి. విరామసమయమున, “ఆ వరుసలో చివరి వీణ నేను పట్టగలదాననే” యని మెల్లగ ననిరి. మాలో నెవ్వరును మాఱు పలుకలేదు. వేదికపై నున్న యిరువదిమందిలో స్త్రీలు ఇద్దఱే.

ఒంటరిగ కచేరి చేయుటకు నిత్యసాధన వలయును. అది గృహిణికి దుర్లభము. బృందమున చివరి వీణకు వారమున రెండుదినముల సాధన చాలునని మా తలంపు. కచేరిని ఆదివారము నాలుగు గంటలకు పెట్టవలయుననియు, స్త్రీలు కూడి వాయించుకొనుటకు వారమున నొకదినము గది యీయవలయుననియు, తొమ్మండుగురమును సంతకములు చేసి నిర్వాహకులకు ఉత్తరము వ్రాసితిమి. ప్రత్యుత్తరము రావలసియున్నది. వదినగారి వీణ మాత్రము మొన్న బస్సులో వచ్చినది. తంత్రులు తుప్పుపట్టినవి, మెట్ల మైనము పగిలినది. బాగుచేయువారికై విచారించుచున్నాము.