మునిగిన ఓడల జాడ చెప్పని జాలర్లు

తిరువనంతపురం: కడలి అడుగున ఓడ శిథిలం ఎక్కడున్నదో ఎరిగిన జాలరి ఆ సంగతిని పొరుగు పడవవారికి చెప్పడానికి సాధారణంగా ఇష్టపడడు. దక్షిణ కేరళ తీరంలో ఇది తరాల నాటి తీరు. మునిగిన ఓడ కాలక్రమేణా నాచు, గుల్లలు పట్టి రాతిదిబ్బ వంటిదవుతుంది. ఆశ్రయానికి చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు చేరతాయి. గాలం వేసేవారికి అది గాదె వంటిదే, కాని అందరూ చేయిపెడితే తరిగిపోయే గాదె.

ఆ చోటును గుర్తుపట్టే విధానాన్ని వారు 'కణిచ్చం' అంటారు. తీరాన చర్చి శిఖరం, దాని వెనుక కొండ ఒకే వరుసలోకి రావాలి. మరో దిక్కున ఇంకొక జంట గుర్తులు కూడా అలాగే కుదరాలి. ఆ రెండు వరుసలు కలిసిన చోట గాలం దించుతారు. తండ్రి కుమారునికి పడవలోనే నేర్పే ఈ విద్యకు కాగితంతో పనిలేదు. జి.పి.ఎస్. వచ్చిన తరువాత ఆ రహస్యం కాస్తా కొన్ని అంకెలుగా మారింది. అంకెలు చేతులు మారడం ఎంతసేపు?

వలల వారి గోడు వేరు. గాలానికి వరమైన శిథిలమే వలకు గండం. 2025 మే 25న కేరళ తీరానికి ఆవల 640 కంటైనర్లతో మునిగిన లైబీరియా పతాక నౌక 'ఎం.ఎస్.సి. ఎల్సా-3' సిబ్బంది 24 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. అయితే శిథిలాలకు తగిలి తమ వలలు చిరుగుతున్నాయని జాలర్లు అటుపిమ్మట మొరపెట్టుకున్నారు.